మొదటి బల్బా, రెండో బల్బా?

చెప్పులు గుమ్మం పక్కన వదిలి లోపలికి రండి. ఆఖరి బెంచీలో గోడ వైపు చివర మీకు చోటుంది. పదో తరగతి పిల్లలు ఓసారి వెనక్కి తిరిగి చూస్తారు, ఎవరో ఇన్‌స్పెక్షనుకు వచ్చారనుకుని బిగుసుకుంటారు. మీ చేతిలో ఫైలేమీ లేదని తేలగానే మళ్లీ ఎవరి గోలలో వాళ్లు పడతారు.

పాలకొల్లుకు దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఇది. బంగాళాఖాతంలో అల్పపీడనం, నిన్నటి నుంచీ ముసురు వదల్లేదు. కోతకొచ్చిన చేలున్న ఇళ్ల పిల్లలు కొందరు బడికే రాలేదు. కిటికీ అవతల కాలవ గట్టు, దాని వెనక రొయ్యల చెరువులు, వాటిలో ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు. వంటషెడ్డు లోంచి పోపు వాసన అప్పుడే మొదలైంది. ఇది మూడో పీరియడు, భౌతికశాస్త్రం.

ముందు గోడకు ఆకుపచ్చ బోర్డు, దాని పక్కనే వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర. రిజిస్టర్లో దాని పేరు ఐ.ఎఫ్.పి., పిల్లల నోట్లో ఒట్టి ప్యానెల్. ‘నాడు-నేడు’ పనుల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులకు వచ్చిన తెరలివి. మేడం రాగానే దాన్ని ఆన్ చేస్తారని మీరు ఎదురుచూస్తున్నారు. ఆవిడ చెయ్యలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఒక బ్యాటరీ గీశారు, దానికి ఒకే వరసలో రెండు బల్బులు తగిలించారు.

‘‘శ్రేణి సంధానం. రెండూ ఒకే రకం బల్బులు, ఒకే నిరోధం. స్విచ్చి వేస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది? ప్లస్సు వైపు నుంచి లెక్కేసుకోండి. ఎ, మొదటిది. బి, రెండోది. సి, రెండూ సమానంగా. డి, రెండూ వెలగవు. ఎ అనేవాళ్లు చేతులెత్తండి.’’

చేతుల్ని కాదు, కళ్లను చూడండి. ముందు ఏ చెయ్యీ లేవదు. అన్ని కళ్లూ మొదటి బెంచీలో గోడ పక్కన కూర్చున్న కుర్రాడి మీద వాలతాయి. ఎస్.ఏ. వన్ పరీక్షలో క్లాసు ఫస్టు వాడు. వాడు ఒక్క క్షణం ఆలోచించి చెయ్యెత్తాడు. వెంటనే రెండో బెంచీ ఎత్తింది, మూడోది ఎత్తింది. మీ ముందున్న అమ్మాయి మాత్రం మోచెయ్యి బల్ల మీంచి తీయకుండా నాలుగు వేళ్లే పైకి లేపింది. అటు చూస్తే ఎత్తినట్టు, ఇటు చూస్తే ఎత్తనట్టు.

‘‘సరే, దించండి. ఇప్పుడు కార్డులు.’’

క్లాసు లీడరు బీరువాలోంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. ఎవరి కార్డు వాళ్లు తీసుకుంటున్నారు. పక్కవాడిది ఒకసారి అడిగి చూడండి. తెల్ల కాగితం మీద నల్ల గళ్ల బొమ్మ, క్యూఆర్ కోడుకు వేలువిడిచిన చుట్టంలా ఉంది. ఏ రెండు కార్డులూ ఒకేలా ఉండవు, ప్రతిదానికీ ఒక నంబరు ఉంది. నాలుగు అంచుల దగ్గరా ఎ, బి, సి, డి అక్షరాలు, చీమంత సైజులో. మీ జవాబు ఏదో ఆ అక్షరం పైకి వచ్చేలా కార్డును తిప్పి పట్టుకోవడమే. వెనక బెంచీ వాడికి గళ్లు కనిపిస్తాయి తప్ప మీరేం చెప్పారో తెలియదు. పిల్లల దగ్గర ఫోను అక్కర్లేదు, ట్యాబు అక్కర్లేదు. టీచరు ఫోను ఒక్కటే చాలు. దీని పేరు ప్లిక్కర్స్.

ఈ కార్డులకు ల్యామినేషన్ లేదని గమనించారా? నిగనిగలాడే ల్యామినేషన్ మీద ట్యూబులైటు వెలుగు పడితే కెమెరాకు గళ్లు కనబడవు. అందుకే పాత నోటుపుస్తకాల అట్టలకు అంటించారు. మూలలు అప్పుడే నలిగాయి, ఒకదాని మీద పప్పు మరక కూడా ఉంది. అయినా పనిచేస్తాయి.

హెడ్మాస్టరు గారికి చెప్పి క్లాసులోకి తెచ్చుకున్న ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, మేడం ఇప్పుడు ప్యానెల్ ఆన్ చేశారు. తెర మీద ప్రశ్న వచ్చింది, కింద పిల్లల పేర్లు వరసగా వచ్చాయి. ఆవిడ ఫోను పైకెత్తి బోర్డు దగ్గర నిలబడ్డారు. పేర్లలో చలనం లేదు. సిగ్నలు పోయింది.

‘‘మేడం, కిటికీ కాడికి రండి, అక్కడ రెండు గీతలొస్తాయి,’’ అంది ఒక గొంతు. ఇది వాళ్లకు అలవాటే. ఆవిడ కిటికీ ఊచలకు వీపు ఆనించి నిలబడ్డారు. ‘‘అందరూ కార్డులు ఇటు తిప్పండి. పందొమ్మిదీ, నీ వేలు గళ్ల మీద ఉంది, తియ్యమ్మా.’’ ఫోను గది ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిరిగింది. తెర మీద ఒక్కో పేరు పక్కన టిక్కు పడుతోంది. చదివేసిందన్నమాట. ఏం చదివిందో మాత్రం చెప్పదు. ఆఖరి పేరుకూ టిక్కు పడేసరికి నిమిషం కూడా కాలేదు.

ఒక బటను నొక్కగానే నాలుగు పట్టీలు లేచాయి. ఎ అన్నిటికన్నా పొడుగు, కానీ ఇందాక చేతులు చెప్పినంత కాదు. సి వైపు క్లాసులో పావు వంతుకు పైగానే ఉన్నారు. బి వైపు నలుగురైదుగురు. డి వైపు ఇద్దరు. క్లాసంతా ‘‘ఓ...’’ అంది. ఇందాక ఎ అని చెయ్యెత్తిన వాళ్లలో చాలామంది లోపల వేరే ఏదో అనుకుంటున్నారని అందరికీ ఒకేసారి తెలిసింది. ఎవరన్నారో మేడం ఫోనులో తప్ప ఎక్కడా లేదు.

ఏది సరైనదో ఆవిడ చెప్పలేదు. ‘‘పక్కవాళ్లతో మాట్లాడండి. నీది వాళ్లకు ఎక్కించు, లేదా వాళ్లది నువ్వు ఒప్పుకో. మూడు నిమిషాలు.’’

గోల ఒక్కసారి పైకి లేచింది. ఏరేటర్ల చప్పుడు ఇక వినబడదు. మీరు ముందు బెంచీ వైపు వంగి వినండి.

‘‘కాలవలో పైనోళ్లు తోడేసుకుంటే శివారు పొలానికి నీళ్లొస్తాయేంట్రా? మొదటి బల్బు లాగేసుకుంటది. మిగిలిందే రెండోదానికి.’’

ఆ కుర్రాడి మాటల్లో డెల్టా మొత్తం ఉంది. కాలవ చివరి భూములకు నీళ్లు అందవన్నది వాడు పుస్తకంలో చదివింది కాదు, వేసవిలో ఇంట్లో విన్నది. వాడికి ఎ తప్ప ఇంకో జవాబు ఎలా తోస్తుంది? నాలుగు వేళ్లెత్తిన అమ్మాయి మాత్రం తల అడ్డంగా ఊపుతోంది.

‘‘కాలవ కాదు, పైపు అనుకో. చెరువుకి మోటారు పైపు వేస్తాం కదా. మధ్యలో చిల్లు లేకపోతే ఇటు వెళ్లిన నీళ్లన్నీ అటు రావాల్సిందే. ఎక్కడికి పోతాయి?’’

‘‘మరి బల్బు వెలగడానికి ఏదోటి వాడుకోవాలి కదా?’’

ఆ అమ్మాయి ఆగిపోయింది. మంచి ప్రశ్నే. పక్క బెంచీలో బి అన్నవాడు అప్పుడే లోపలికి దూరాడు. ‘‘ఎలక్ట్రాన్లు బయల్దేరేది మైనస్సు నుంచి. అంటే మన రెండోదే వాటికి మొదటిది. అదే ఎక్కువ వెలగాలి.’’ జవాబు తప్పే, కానీ తర్కం చూడండి. వట్టి రాతపరీక్షలో వీడికి సున్నా పడేది, ఇంత ఆలోచించాడన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇలా తోటి విద్యార్థుల చేత బోధింపజేసే పద్ధతికి గట్టి పునాది వేసినవారు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్. తన విద్యార్థులు లెక్కలు చక్కగా చేస్తున్నా మూలభావనల దగ్గర తడబడుతున్నారని గమనించి, 1991లో ఆయన ఉపన్యాసాల మధ్య ఇలాంటి ప్రశ్నలు పెట్టడం మొదలెట్టారు. ఎవరికి వాళ్లు జవాబివ్వాలి, పక్కవాళ్లతో వాదించుకోవాలి, మళ్లీ జవాబివ్వాలి. అక్కడి క్లాసుల్లో బటన్లు నొక్కే క్లిక్కర్ యంత్రాలు చేసిన పనినే ఇక్కడ పప్పు మరకల అట్టలు చేస్తున్నాయి.

మేడం బెంచీల మధ్య తిరుగుతూ మీ దగ్గరకు వచ్చారు. గొంతు తగ్గించి చెబుతున్నారు. ‘‘మొదట్లో ప్యానెల్ మీద వీడియోలే వేసేదాన్నండి. పుస్తకంలో క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే దీక్ష యాప్‌లో పాఠం వచ్చేది. క్లాసు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో! తీరా అయ్యాక ఒక ప్రశ్న అడిగితే ఎవరూ నోరు మెదిపేవారు కాదు. తర్వాత కహూత్ క్విజ్ పెట్టాం, ట్యాబులు నలుగురికొకటి ఇచ్చి. పాటలూ పాయింట్లూ, క్లాసంతా సంబరమే. కాకపోతే అందులో త్వరగా నొక్కినవాడికి ఎక్కువ మార్కులు. నెమ్మదిగా ఆలోచించే పిల్లలు రెండో ప్రశ్నకే వదిలేసేవారు. పాఠం అయ్యాక మళ్లీ ఒకసారి నెమరేయించడానికి అది బాగానే పనికొస్తుంది. కొత్త సంగతి మొదలెట్టేటప్పుడు మాత్రం వద్దనుకున్నాను.’’

ఆవిడ మాట ముగిసేలోపే మూడు నిమిషాలు అయిపోయాయి. ‘‘కార్డులు కిటికీ వైపు!’’

రెండోసారి సి పట్టీ అన్నిటినీ దాటేసింది. డి ఖాళీ అయింది. ఎ, బి రెండూ పొట్టివైపోయాయి కానీ పూర్తిగా పోలేదు. టీచరు ఒక్క ముక్క చెప్పకుండానే క్లాసు చాలావరకు మారిపోయింది. కాలవ కుర్రాడు మాత్రం మారలేదని మీకు తెలుసు, వాడు కార్డు తిప్పనే లేదు.

‘‘నువ్వే రా నాన్నా,’’ అని మేడం వాణ్నే పిలిచారు. ఆవిడకూ తెలుసు.

ప్యానెల్ మీద ఇప్పుడు తెరిచింది ఫెట్ వాళ్ల సర్క్యూట్ కిట్. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ బహుమతి పంచుకున్న కార్ల్ వీమన్, బహుమతి సొమ్ములో కొంత పెట్టి 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలెట్టిన తెర-ప్రయోగాల ప్రాజెక్టు ఫెట్. ఉచితం. ఒక్కో ప్రయోగాన్నీ ఫైలుగా దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. మేడం దాన్ని పెన్‌డ్రైవులో తెచ్చుకున్నారు కాబట్టి ఇక కిటికీతో పని లేదు.

వాడు వేలితో ఒక బ్యాటరీ లాగి మధ్యలో పెట్టాడు. ఒక తీగ లాగాడు, దాని కొస బ్యాటరీకి అతుక్కోలేదు. ‘‘ఇంకొంచెం దగ్గరికి! దగ్గరికి తియ్యరా!’’ క్లాసంతా డ్రైవింగు నేర్పుతోంది. బల్బు, తీగ, ఇంకో బల్బు, ఇంకో తీగ. వలయం మూసుకోగానే రెండు బల్బుల చుట్టూ పసుపు గీతలు వచ్చాయి, తీగల్లో నీలం పూసలు పాకడం మొదలెట్టాయి. అవి ఎలక్ట్రాన్లు.

‘‘అమ్మీటరు పెట్టు. మొదటి బల్బుకు ముందు ఎంత?’’

‘‘0.45 ఆంపియర్లు మేడం.’’

‘‘రెండిటి మధ్య?’’

వాడు అమ్మీటరు జరిపాడు. 0.45. రెండోది దాటాక? 0.45. వాడికి నమ్మకం కుదరలేదు. బ్యాటరీ పక్కన పెట్టాడు, మూలన పెట్టాడు, మళ్లీ మొదటికి వచ్చాడు. అంకె కదలదు. వాడి మొహం చూడండి. మన మాట అబద్ధమని ఎదుటివాడు చెబితే వచ్చే కోపం లేదు, తన వేలే తనకు చెప్పిందన్న వింత ఉంది. ముందుగా ఎ అని పందెం కాసి ఉండకపోతే ఈ 0.45 వాడికి తెర మీది ఒక అంకె మాత్రమే.

‘‘ఇప్పుడు ఒక బల్బు తీసేసి తీగ కలుపు.’’ మిగిలిన బల్బు భగ్గున వెలిగింది. 0.90. బ్యాటరీ 9 వోల్టులు, ఒక్కో బల్బు 10 ఓములు. పిల్లలు నోటితోనే భాగించేశారు. ఓమ్ నియమం బోర్డు మీద నిన్నటి నుంచీ ఉంది, అది పనికొస్తుందని ఇప్పుడు తెలిసింది.

వెనక నుంచి ఒకడు అరిచాడు. ‘‘ఆ బల్బు కూడా తీసేసి కలపరా!’’ వాడు కలిపాడు. నీలం పూసలు గిర్రున తిరిగాయి, బ్యాటరీ మీద మంటలు లేచాయి. క్లాసు పగలబడి నవ్వింది. మేడం ఆ నవ్వును తుంచలేదు, ఒక్క మాట మాత్రం అన్నారు. ‘‘దీన్నే షార్ట్ సర్క్యూట్ అంటాం. ఇక్కడ ఎన్నిసార్లు కాల్చినా ఖర్చు లేదు. ఇంటికెళ్లి చేశారంటే మాత్రం ఊరుకోను.’’

అప్పుడు ఇందాకటి అమ్మాయి చెయ్యెత్తింది. ఈసారి మోచెయ్యి కూడా బల్ల మీంచి లేచింది. ‘‘మేడం, కరెంటు తగ్గనప్పుడు బల్బు ఏం వాడుకుంటున్నట్టు?’’

మేడం అంతసేపూ ఎదురుచూసింది ఈ ప్రశ్న కోసమే. రెండు బల్బులూ మళ్లీ పెట్టించి వోల్టుమీటరు తగిలించారు. ఒక్కో బల్బు దగ్గర 4.5 వోల్టులు. ‘‘చార్జి లోపలికి ఎంత వెళ్తే బయటికి అంతే వస్తుంది. దారిలో అది వదిలిపెట్టేది శక్తిని. బ్యాటరీ ఇచ్చిన 9 వోల్టుల్లో సగం ఇక్కడ, సగం అక్కడ. వెలుగుగా, వేడిగా ఖర్చయ్యేది ఆ శక్తే.’’ రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పెన్నులు వాటంతటవే కదులుతున్నాయి.

పాఠం అయిపోయిందనుకున్నారు కదూ? బల్ల కింద నుంచి మేడం ఒక చెప్పుల డబ్బా తీశారు. లోపల రెండు పెన్సిల్ సెల్లులు, తీగలు, రెండు టార్చిలైటు బల్బులు. నలుగురిని పిలిచి అదే సర్క్యూట్ నిజంగా కట్టమన్నారు. మీరూ లేచి రండి, చుట్టూ మూగిన తలల మధ్య నుంచి చూడండి.

తీగ ఆనించారు. రెండూ వెలిగాయి. మొదటిది బాగా, రెండోది కొంచెం డల్‌గా.

‘‘చూశారా!’’ కాలవ కుర్రాడు గెంతాడు. ‘‘నేను చెప్పలా?’’ సి వాళ్ల మొహాలు వాడిపోయాయి. కంప్యూటర్ అబద్ధం చెప్పిందా? మేడం ఏమీ అనరు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. గోల పెరుగుతోంది, సమాధానం లేదు. ‘‘బల్బులు మార్చి చూద్దాం మేడం,’’ అన్నాడు ఎలక్ట్రాన్ల కుర్రాడు. మొదటిది తీసి రెండో చోట, రెండోది తీసి మొదటి చోట. తీగ ఆనించారు.

ఈసారి రెండో చోట ఉన్నది బాగా వెలిగింది. మొదటి చోట ఉన్నది డల్.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. తేడా ఉన్నది చోటులో కాదు, బల్బులో. కొట్టువాడు రెండూ ఒకటే అని అమ్మినా లోపలి ఫిలమెంట్లు అచ్చంగా ఒకేలా ఉండవు. ‘‘అయితే బాగా వెలిగేదాని నిరోధం ఎక్కువా, తక్కువా?’’ అని మేడం మెలిక పెట్టారు. సగం మంది ‘తక్కువ’ అన్నారు. ‘‘తెరనే అడగండి.’’ కాలవ కుర్రాడు మళ్లీ ప్యానెల్ దగ్గరకు పరిగెత్తాడు, ఒక బల్బు మీద నొక్కి దాని నిరోధం కొంచెం పెంచాడు. అదే ఎక్కువ వెలిగింది. శ్రేణిలో ప్రవాహం రెండిటికీ ఒకటే కాబట్టి నిరోధం ఎక్కువున్న చోటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. తెరలో బల్బులన్నీ అచ్చు గుద్దినట్టు ఒకటే, డబ్బాలోవి కావు. రెండిటినీ పక్కపక్కన పెట్టకపోతే ఈ ప్రశ్న పుట్టేదే కాదు.

బెల్లు కొట్టడానికి ఇంకా నాలుగైదు నిమిషాలుంది. మేడం ఫోను మీకు చూపిస్తున్నారు. ఏ కార్డు మొదటిసారి ఏమంది, రెండోసారి ఏమంది, అన్నీ వరసగా ఉన్నాయి. రెండుసార్లూ ఎ దగ్గరే ఆగినవాళ్లు కొందరు. ‘‘రేపు వీళ్లను ముందు వరసకు రమ్మంటాను, డబ్బా వీళ్ల చేతికే ఇస్తాను,’’ అన్నారు. పరీక్ష పేపర్లు దిద్దాక తెలిసేది ఆవిడకు పీరియడు మధ్యలోనే తెలిసింది. తెరలూ యాపులూ ఇన్ని ఉన్నా ఆవిడ వాటి నుంచి రాబట్టుకునేది ముఖ్యంగా ఇదొక్కటే: ఏ పిల్లవాడు ఎక్కడ, ఎందుకు తప్పుతున్నాడో, దిద్దడానికి వ్యవధి ఉండగానే తెలుసుకోవడం.

ఇంతలో డి అన్న ఇద్దరిలో ఒకడట, ఇప్పటిదాకా నోరు విప్పనివాడు, లేచి నిలబడ్డాడు. ‘‘మేడం, రెండు బల్బులు పెడితే వెలుగు తగ్గుద్ది కదా. మరి మా ఇంట్లో లైటు వెలుగుతుండగా ఫ్యాను వేస్తే లైటు డల్ అవ్వదేం?’’

రేపటి పాఠం సమాంతర సంధానం. దాని తలుపు వాడే తీసేశాడు. మేడం మారుమాట లేకుండా ఫోను తీసి ఆ ప్రశ్నను వాడి మాటల్లోనే టైపు చేశారు. ‘‘బాగుంది. రేపు మొదటి ప్రశ్న ఇదే. సరైన జవాబు నేను రాసుకుంటాను. తప్పు జవాబులు మూడు కావాలి, మీరే చెప్పండి. చూడగానే తప్పని తెలిసిపోకూడదు. క్లాసు ఫస్టు వాణ్ని కూడా పడగొట్టాలి.’’

మొదటి బెంచీ కుర్రాడు నవ్వుతూ తల పట్టుకున్నాడు. ‘‘ఫ్యానుకి వేరే మీటరు ఉంటది!’’ ‘‘కరెంటోళ్లు ఎక్కువ పంపుతారు!’’ ‘‘ఫ్యాను తిరిగి కరెంటు తయారు చేస్తది!’’ బెల్లు మోగింది. ఒక్కడూ సంచీ సర్దలేదు. నాలుగో పీరియడు లెక్కల మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, ఆయన కూడా ఒకటి చెప్పారు.